మనవాడనుకున్న సైంటిస్టు మనవాడు కాదు. మా అమ్మాయికి ఏం చెప్పమంటారు?

ఇర్వింగ్_నాన్న:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. పద్దెనిమిదేళ్ళుగా టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. అమ్మాయికి పదహారేళ్ళు. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

1989 వేసవిలో, ఇంటర్ పరీక్షలయ్యాక, మా వీధి కుర్రాళ్ళం నలుగురం డబ్బులేసుకుని ఒక రాత్రికి వీసీఆర్, కలర్ టీవీ అద్దెకు తెచ్చాం. రెండు తెలుగు సినిమాలు అడిగితే షాపతను ఒక ఇంగ్లీషు క్యాసెట్ కూడా చేతిలో పెట్టాడు. పేరు 'షార్ట్ సర్క్యూట్', 1986లో వచ్చింది. పిడుగుపాటుకు ప్రాణం వచ్చిన రోబో కథ. మాటలు సగం అర్థం కాలేదు, క్యాసెట్ అరిగిపోయి తెర అడుగున గీతలు పడుతున్నాయి. అయినా తెల్లవారుజామున మూడింటికి నలుగురం కళ్ళార్పకుండా చూశాం. కారణం ఒక్కటే. ఆ రోబోను తయారుచేసిన ఇద్దరిలో ఒకడు ఇండియన్. పేరు బెన్ జబిటూయా. చామనఛాయ మొహం, మనలాగే సాగదీసే ఇంగ్లీషు. 'ఒరేయ్, మనవాడ్రా' అని మా ఫ్రెండ్ లేచి నిలబడ్డాడు. హాలీవుడ్ సినిమాలో మనవాడు సైంటిస్టు! ఆ ఏడాదే నేను ఎంసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాను. ఆ సినిమా వల్లే అనను గానీ, ఉన్న కారణాల్లో అదొకటి.

గత నెల ఒక శనివారం రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి 'నాన్న చిన్నప్పటి సినిమా చూద్దువు గానీ రా' అని అదే సినిమా పెట్టాను. పావుగంట తిరక్కముందే ఆపేసింది. 'నాన్నా, జబిటూయా అనే ఇంటిపేరు ఏ రాష్ట్రంలో ఉంటుంది?' అని అడిగింది. నేనెప్పుడూ ఆలోచించలేదు. ఫోన్ తీసి చూసి, ఆ తెర నా వైపు తిప్పింది. ఆ వేషం వేసిన నటుడు ఫిషర్ స్టీవెన్స్. షికాగోలో పుట్టిన తెల్లతను. మొహానికి గోధుమరంగు పూసి, యాస పెట్టి ఇండియన్‌ని చేశారు.

నాకు మాట రాలేదు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ మొహాన్ని మనవాడి మొహంగా దాచుకున్నాను. అయినా తేరుకుని, 'నటన అంటే అదే కదమ్మా, ఇంకొకళ్ళలా కనిపించడమే కదా' అన్నాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

అంతకు రెండు వారాల ముందు తను బడిలో ఒక నాటకానికి ఆడిషన్ ఇచ్చిందట. డాక్టర్ వేషం. తను చదివాక, 'బాగుంది, ఈసారి ఇంట్లో మీ పేరెంట్స్ మాట్లాడేలాగా చదువు' అన్నారట. చదివింది. గదిలో అందరూ నవ్వారు. వేషం వచ్చింది. 'ఎవరిలా చేయాలో తెలియక నీలాగే చేశాను నాన్నా. వాళ్ళు నవ్వింది నిన్ను చూసి' అని ఏడ్చేసింది.

ఆ రాత్రి నుంచి నాకు మనసు మనసులో లేదు. అడగదలచుకున్నవి రెండు. ఒకటి, ఒక జాతి మనిషి వేషాన్ని ఇంకో జాతివాళ్ళు వేస్తే నిజంగా తప్పేనా? నటనకు హద్దులు పెడితే అది నటన ఎలా అవుతుంది? రెండు, రిహార్సల్స్ వచ్చే వారం మొదలు. ఆ వేషం వదిలేయమని చెప్పనా, చేయమననా? మా ఆవిడ వదిలేయమంటోంది. అమ్మాయికి ఆ డాక్టర్ పాత్ర అంటే ఇష్టం.


గోదారిగట్టు:

అండీ, మీ అమ్మాయి బాధ అర్థమైంది. కానీ మొదటి ప్రశ్నకు నాది వేరే మాట. చెప్తాను, తిట్టుకోకండి.

కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను మా నాన్నగారు ఎదురుగా కూర్చుని చూశారు. ఆ జడ విసిరిన తీరు, ఆ అలక, ఏ ఆడదానికీ అంత బాగా కుదరలేదని పోయేదాకా చెబుతూనే ఉన్నారు. మగాడు ఆడవేషం కడితే మనం పద్మశ్రీ ఇచ్చాం. స్థానం నరసింహారావుగారికీ అంతే. మరి తెల్లతను ఇండియన్ వేషం కడితే ఎందుకు తప్పు పట్టాలి?

ఇంకొకటి. 'గాంధీ' సినిమాకి మమ్మల్ని స్కూలు నుంచి వరసలో నడిపించుకెళ్ళారు. బెన్ కింగ్‌స్లీ ఇంగ్లండులో పుట్టినవాడు. ఆయన తండ్రి గుజరాతీ మూలాలున్నవాడని, అసలు పేరు కృష్ణ భాంజీ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలియనప్పుడు కూడా ఆయన నాకు గాంధీగారే. పుట్టుక చూసి వేషం ఇవ్వడం మొదలుపెడితే కళ ఇరుకైపోతుంది. నేను నమ్మేది ఇదే.

రెండో ప్రశ్నకు మాత్రం మీ ఆవిడ మాటే నా మాట. తండ్రిని వెక్కిరించి సంపాదించిన వేషం పిల్లకు వద్దు.


పాతసినిమాలు_పాతకబుర్లు:

ఇర్వింగ్ నాన్నగారూ, నేను రిటైరైన లెక్చరర్‌ని, ఉండేది రాజమండ్రి. హాలీవుడ్ పాత సినిమాలంటే నలభై ఏళ్ళ పిచ్చి. గోదారిగట్టుగారి మాటకు జవాబు చెప్పే ముందు ఒకావిడ గురించి చెప్పాలి. నాకు ఈ విషయం తలుచుకుంటే ముందు ఆవిడే గుర్తొస్తుంది.

అన్నా మే వాంగ్. 1905లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. తండ్రికి బట్టలుతికే లాండ్రీ ఉండేది. అంటే ఆమె చైనా నుంచి వచ్చిన మనిషి కాదు, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. 1922లో, ఇంకా టీనేజీలో ఉండగానే 'ది టోల్ ఆఫ్ ది సీ' అనే రంగుల మూకీలో హీరోయిన్. 1932లో 'షాంఘై ఎక్స్‌ప్రెస్'లో మార్లిన్ డైట్రిచ్ పక్కన నిలబడి కూడా చూపు తన వైపే తిప్పుకుంది. ఆ రైలు పెట్టెలో ఆమె కిటికీ పక్కన ఊరికే కూర్చుని ఉంటుంది. డైలాగు తక్కువ. ఆ కూర్చోవడం చూడండి, చాలు.

తర్వాత పెర్ల్ బక్ నవల 'ది గుడ్ ఎర్త్'ని ఎం.జి.ఎం. వాళ్ళు సినిమా తీయడానికి పూనుకున్నారు. చైనా రైతు దంపతుల కథ. కరువులో, వలసలో, సంసారాన్ని తన వీపు మీద మోసిన ఓలాన్ అనే ఇల్లాలు అందులో ప్రాణం. అప్పటికి హాలీవుడ్‌లో చైనా సంతతి తార అంటే అన్నా మే వాంగే. ఆ వేషం తనకే రావాలని ఆమె ఎంతో ఆశపడింది. రాలేదు. ఎందుకు రాలేదో వినండి, ఈ గొడవకంతా కీలకం అక్కడే ఉంది.

రైతు వాంగ్ లుంగ్ వేషానికి పాల్ మునిని తీసుకున్నారు. ఆయన తెల్లవాడు. అప్పట్లో ప్రొడక్షన్ కోడ్ అని సినిమాలకు ఒక నియమావళి ఉండేది, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. తెల్లజాతికీ నల్లజాతికీ మధ్య సంబంధాలు తెర మీద చూపకూడదని అందులో ఉంది. స్టూడియోలు దాన్ని ఆసియావాళ్ళకు కూడా వర్తింపజేశాయి. పాల్ ముని మొహానికి ఎంత రంగు పూసినా నటుడు తెల్లవాడే కాబట్టి, అతని భార్యగా నిజమైన చైనా సంతతి స్త్రీ నటించకూడదు! అంటే ఒక వేషాన్ని తెల్లవాడికి ఇవ్వగానే, దాని పక్కనున్న వేషం తలుపు కూడా దానంతటదే మూసుకుపోయింది. ఓలాన్‌గా జర్మనీలో పుట్టిన లూయీ రైనర్ చేసింది. మునీ యూరప్‌లోనే పుట్టాడు. యూరప్‌లో పుట్టిన ఇద్దరు చైనా దంపతులయ్యారు, లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన చైనా పిల్ల పనికిరాకుండా పోయింది.

ఆమెకు ఇవ్వజూపిన వేషం లోటస్. ఆ ఇంటికి చిచ్చుపెట్టే రెండో పెళ్ళాం. ఆమె ఒప్పుకోలేదు. కథలో మెప్పు లేని ఒక్క వేషమే చైనా రక్తమున్న తనకు మిగిల్చారని బాధపడింది. 1936 మొదట్లో బయల్దేరి చైనా వెళ్ళిపోయింది, తన పెద్దల ఊరు చూసుకోవడానికి. 1937లో సినిమా వచ్చింది, లూయీ రైనర్‌కు ఆస్కార్ వచ్చింది. రైనర్ గొప్పగా చేయలేదని నేను అనను, చేసింది. నాకు కడుపులో దేవేది అది కాదు. అన్నా మే వాంగ్ ఓలాన్‌గా ఎలా ఉండేదో మనం ఎప్పటికీ చూడలేం. ఆ సినిమా తీయనే లేదు కదా.

ఆమె 1961లో పోయింది. ఆ ఏడాదే 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్'లో మికీ రూనీ పళ్ళు ముందుకు పెట్టుకుని జపానువాడి వేషం కట్టాడు. ఆ సినిమా పాటలన్నా, ఆడ్రీ హెప్‌బర్న్ అన్నా నాకు ప్రాణం. ఆ మనిషి తెర మీదకు వచ్చినప్పుడల్లా నేను ముందుకు జరిపేస్తాను.

ఇక గోదారిగట్టు తమ్ముడూ, మీ నాన్నగారు చూసిన సత్యభామను నేనూ చూశాను. మీరు చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. కానీ కూచిపూడి భాగవత మేళాల్లో ఆడవాళ్ళు గజ్జె కట్టకూడదన్న కట్టుబాటు వల్లే కదా ఆ వేషం మగవాళ్ళది అయింది? ఏ ఆడదానికీ అంత బాగా కుదరలేదని నాన్నగారు అన్నారంటే, ఆ రోజుల్లో పోల్చడానికి ఆ వేదిక మీద ఆడది ఏది? వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టి ఆడపిల్లలకు నేర్పాక ఎంతమంది సత్యభామలు వచ్చారో చూడండి. దాని వల్ల శర్మగారి గొప్పతనం రవ్వంత కూడా తగ్గలేదు. నేను హాలీవుడ్‌ను అడిగేదీ అదే. తెల్లవాళ్ళు నటించకూడదని కాదు. తలుపు తీసి ఉంచారా లేదా అని.

కింగ్‌స్లీ సంగతి కూడా చూడండి. కృష్ణ భాంజీ అనే పేరుతో వేషాలు రావని ఆయన పేరు మార్చుకున్నాడు. మెర్ల్ ఓబెరాన్ అయితే మరీ దారుణం. 1911లో బొంబాయిలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. జీవితమంతా టాస్మేనియాలో పుట్టానని చెప్పుకుంది. తనను పెంచిన, రంగు తక్కువ మనిషిని నలుగురిలో పనిమనిషిగా చూపించేదని ఆమె జీవితం రాసినవాళ్ళు చెబుతారు. 'ది డార్క్ ఏంజెల్' సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ పేరు చదివినప్పుడు అది మన బొంబాయి పిల్ల అని లోకానికి తెలియదు. తెల్లవాళ్ళు మన రంగు పూసుకుంటే వేషాలు వచ్చాయి, మనవాళ్ళు తమ రంగు దాచుకుంటే వేషాలు వచ్చాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి మీ అమ్మాయికి చెప్పండి, ఆమెకు అర్థమవుతుంది.


టచప్_బాక్స్:

పెద్దలంతా మాట్లాడుతున్నారు, మధ్యలో నాదో మాట. నేను హైదరాబాద్‌లో మేకప్ మ్యాన్‌ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు.

రంగు తగ్గించి చూపించే మేకప్ ఎలా వేస్తామో చెప్తా. మొహం ఒక్కటే కాదు. చెవుల వెనక, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట, వేళ్ళ మధ్య, గోళ్ళ చుట్టూ, చొక్కా గుండీ విప్పితే కనిపించేంత వరకు గుండె మీద. గంటన్నర పడుతుంది. ఎండలో చెమట పడితే ముందు పైపెదవి మీద విడిపోతుంది. షాట్ షాట్‌కీ స్పాంజి పట్టుకుని పరిగెత్తాలి. కాలర్‌కి అంటుకుంటే కాస్ట్యూమ్ వాళ్ళు తిడతారు. నిన్నటి షేడ్ ఇవాళ కలవకపోతే కంటిన్యూటీ పోతుంది.

ఒకసారి తెల్లగా ఉన్న ఒకమ్మాయికి పల్లెటూరి కూలీ పాత్ర కోసం అలా రంగు దించుతున్నాను. అద్దంలో వెనక బెంచీ మీద జూనియర్ ఆర్టిస్టులు కనిపిస్తున్నారు. అందులో ఒకమ్మాయి. నేను గంటన్నర నుంచి ఏ షేడ్ తేవడానికి తంటాలు పడుతున్నానో, ఆ షేడ్ ఆమెది. పుట్టుకతో వచ్చింది. నేను పూసేదాన్ని ఆమె అలాగే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి అద్దంలో మా ఇద్దరి చూపులు కలిశాయి. నేనే తల దించుకున్నాను. సినిమా పేరు చెప్పను, ఆ హీరోయిన్ తప్పు కూడా లేదు. అయినా ఆ చూపు నన్ను వదల్లేదు.

కాబట్టి హాలీవుడ్‌ని అనేముందు మన ఇంట్లో కూడా చూసుకోవాలి. పాత 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నిజంగా ప్యూర్టోరికో అమ్మాయి అయిన రీటా మొరెనోకి కూడా ముదురు రంగు పూశారు. మొహం మీద బురద పూసినట్టుండేదని ఆమె చెప్పుకుంది. ఉన్న మనిషికే ఆ మనిషి రంగు చాలలేదు వాళ్ళకి! ఆ మేకప్ వేసినతను ఏమనుకున్నాడో నాకు అడగాలని ఉంటుంది.


ప్లేనో_అమ్మ:

ఇర్వింగ్ అన్నయ్యా, మేం మీ పక్కనే ప్లేనోలో. మా బాబు ఎనిమిదో క్లాసు. వాడు కూడా బడిలో ఒక యాస, ఇంట్లో ఒక యాస. మీ పోస్టు చదివి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను, నా మాట మీద ఎవరైనా నవ్వుతారా అని. 'ఇప్పుడు నవ్వట్లేదు' అన్నాడు. ఇంకేం అడగలేకపోయాను.


సెల్ఫ్‌టేప్_పిల్ల:

అంకుల్, నేను లాస్ ఏంజిలిస్‌లో ఉంటాను, 25 ఏళ్ళు. అమ్మానాన్నలది వరంగల్, నేను పుట్టింది కాలిఫోర్నియాలోనే. నాలుగేళ్ళుగా వేషాల కోసం తిరుగుతున్నా. తెలుగులో టైప్ చేయడం నాకు నెమ్మది, కానీ మీ అమ్మాయి కోసం మొత్తం తెలుగులోనే రాస్తాను.

ఇప్పుడు ఆడిషన్లు ఎక్కువగా ఇంటి నుంచే. గోడకి బట్ట కట్టి, లైటు పెట్టుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసి పంపాలి. నాకు వచ్చే ఆడిషన్ నోటీసుల్లో చాలాసార్లు ఉండే మాట, 'ఒకటి యాసతో, ఒకటి యాస లేకుండా పంపండి' అని. మొదట్లో నేను నిజాయితీగా మా నాన్న యాస పెట్టి పంపేదాన్ని. వరంగల్‌లో చదువుకుని, ముప్ఫై ఏళ్ళు ఇక్కడ పనిచేసిన మనిషి ఇంగ్లీషు. ఒకసారి ఒక ఆఫీసు నుంచి జవాబు వచ్చింది, 'ఇంకొంచెం ఇండియన్‌గా ఉండాలి' అని. మా నాన్న ఇండియన్‌గా సరిపోలేదు వాళ్ళకి!

వాళ్ళకు కావలసిన యాస ఎక్కడ పుట్టిందో నాకు హరి కొండబోలు వల్ల తెలిసింది. న్యూయార్క్‌లో పెరిగిన కమెడియన్, తెలుగు తల్లిదండ్రుల పిల్లాడు. 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అని డాక్యుమెంటరీ తీశాడు. 'ది సింప్సన్స్' కార్టూన్‌లో 1990 నుంచి ఉన్న, కిరాణా షాపు నడిపే ఇండియన్ పాత్ర అపుకి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా, తెల్లతను. అతను ఆ గొంతుకు ఆధారాల్లో ఒకటిగా చెప్పింది 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్‌ని. సెల్లర్స్ ఇంగ్లీషువాడు, మొహానికి రంగు పూసుకుని ఇండియన్ వేషం కట్టాడు. అంటే చూడండి అంకుల్, ఒక ఇంగ్లీషువాడు మనల్ని అనుకరించాడు, అతన్ని ఒక అమెరికన్ అనుకరించాడు, ఇప్పుడు నన్ను ఆ అమెరికన్‌ని అనుకరించమంటున్నారు. ఈ మూడు మెట్లలో మా నాన్న ఎక్కడా లేడు. 'థాంక్యూ, కమ్ ఎగైన్' అనే అపు డైలాగుని బడిలో నా మీద ఎన్నిసార్లు విసిరారో లెక్కలేదు. మా ఇంట్లో ఎవరూ కిరాణా షాపు నడపలేదు, నడిపినా అందులో నవ్వడానికేం లేదు.

ఆ డాక్యుమెంటరీ వచ్చాక చాలా గొడవైంది. హరిని తిట్టినవాళ్ళే ఎక్కువ. కానీ 2020లో అజారియా ఆ గొంతు ఇవ్వడం మానేశాడు, తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు. ఎవరో ఒకరు అడిగితేనే మారుతుంది అని నేను గట్టిగా నమ్మేది అందుకే.

మీ బెన్ గురించి కూడా ఒకటి చెప్పాలి. అజీజ్ అన్సారీ అనే మన సంతతి నటుడు చిన్నప్పుడు ఆ సినిమా రెండో భాగం 'షార్ట్ సర్క్యూట్ 2' చూసి, మీలాగే మనవాడనుకుని పొంగిపోయాడు. కాలేజీకి వచ్చాక నిజం తెలిసింది. 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రాశాడు, ఫిషర్ స్టీవెన్స్‌తో కూడా మాట్లాడాడు. ఆ పాత్రను మొదట తెల్లవాడిగానే రాశారట, తర్వాత ఇండియన్‌గా మార్చారట. పాత్రను మార్చారు గానీ వేషం ఇండియన్ నటుడికి ఇవ్వలేదు. కాబట్టి మోసపోయింది మీరొక్కరే కాదు. మీరు సంతోషపడ్డందుకు సిగ్గుపడకండి. ఆకలిగా ఉన్నవాళ్ళం, దొరికింది తిన్నాం.

నోటీసుల్లో మాటలు ఎలా పనిచేస్తాయో కూడా చెప్తాను. 'ది లాస్ట్ ఎయిర్‌బెండర్' 2010లో వచ్చింది. ఆసియా సంస్కృతుల మీద, ఉత్తర ధ్రువం వైపు ఉండే ఇన్యూయిట్ మూలవాసుల సంస్కృతి మీద అల్లిన కార్టూన్ కథ అది. ముఖ్య పాత్రల నోటీసులో 'కాకేసియన్ (అంటే తెల్లజాతి) లేదా మరే జాతి అయినా' అని రాశారు. చదవడానికి అందరికీ తలుపు తీసినట్టే ఉంటుంది. కానీ మొదటి మాట ఏదో చూడండి. చివరికి మంచివాళ్ళైన ముగ్గురు పిల్లలూ తెల్లవాళ్ళలా కనిపించేవాళ్ళే, శత్రువుల పక్షాన దేవ్ పటేల్, ఆసిఫ్ మాండ్వీ. డైరెక్టర్ ఎం. నైట్ శ్యామలన్, పుట్టింది మన దేశంలోని మాహేలో. మనవాళ్ళు కుర్చీలో ఉన్నంత మాత్రాన అంతా సర్దుకోదని నాకు అప్పుడే అర్థమైంది, నాకు పదేళ్ళు. అభిమానులు ఉత్తరాలు రాశారు, థియేటర్ల ముందు నిలబడ్డారు. 2024లో నెట్‌ఫ్లిక్స్ అదే కథ తీసినప్పుడు ఆ పాత్రల్లో ఆసియా సంతతి పిల్లలు, మూలవాసుల పిల్లలు కనిపించారు.

డబ్బు రాదు, పెద్ద పేరున్న తెల్ల నటుడు కావాలి అంటారు. ఆ మాట విని విని విసుగొచ్చింది. జపాన్ కథ 'ఘోస్ట్ ఇన్ ది షెల్'ని 2017లో స్కార్లెట్ జొహాన్సన్‌తో తీశారు, నష్టపోయింది. మరుసటి ఏడాది 'క్రేజీ రిచ్ ఏషియన్స్'లో అందరూ ఆసియావాళ్ళే, దాదాపు 3 కోట్ల డాలర్లతో తీస్తే 23 కోట్లు దాటింది. అదే 2018లో అనీష్ చాగంటి 'సెర్చింగ్' తీశాడు. ఇంటిపేరు చూస్తే మీకే తెలుస్తుంది ఎవరి పిల్లాడో. హీరో జాన్ చో, కొరియన్ అమెరికన్. తప్పిపోయిన కూతురి కోసం వెతికే తండ్రి. ఆ కుటుంబం కొరియన్ కుటుంబం అవడానికి కథలో కారణం ఏమీ చెప్పరు. యాస లేదు, జోకు లేదు. ఒక నాన్న, ఒక కూతురు. అంకుల్, మీరిద్దరూ కలిసి ఆ సినిమా చూడండి, ప్లీజ్.

ఇక మీ రెండో ప్రశ్న. వేషం వదలొద్దు. వదిలితే ఆ డాక్టర్ పాత్ర ఇంకొకరికి పోతుంది, వాళ్ళు ఆ యాస పెట్టే చేస్తారు. నేనైతే ఇలా చేస్తాను. రిహార్సల్‌కి ముందే ఆ టీచర్‌ని ఒంటరిగా కలిసి ఒకే ప్రశ్న అడగమనండి. 'ఈ డాక్టర్ ఎక్కడ పుట్టింది, ఎక్కడ చదువుకుంది?' అని. స్క్రిప్టులో జవాబు ఉంటే, యాస ఆ జవాబుకి తగ్గట్టు ఉండాలి, నిజంగా నేర్చుకుని చేయాలి. జవాబు లేకపోతే యాసకు కారణం లేదు, తన గొంతుతోనే చేస్తానని చెప్పమనండి. గొడవ పడక్కర్లేదు. ఆ ప్రశ్న అడిగితే అవతలివాళ్ళు కూడా ఆలోచిస్తారు, నాకు రెండుసార్లు పనిచేసింది. మూడోసారి పనిచేయలేదు, ఆ వేషం పోయింది. అది కూడా తనకు చెప్పండి.


గోదారిగట్టు:

లెక్చరర్ అమ్మగారూ, 'పోల్చడానికి ఆడది ఏది' అన్న మీ మాట రాత్రంతా తిరిగింది బుర్రలో. నాన్నగారిని ఇప్పుడు అడగలేను. నటనకు పుట్టుక అడ్డు కాకూడదనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ మాట రెండు వైపులకీ వర్తించాలి కదా, ఇన్నాళ్ళూ ఒక వైపే వర్తించింది. అన్నా మే వాంగ్ సినిమా ఒకటి చూస్తాను. అమ్మాయి వేషం విషయంలో కూడా నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, సెల్ఫ్‌టేప్ పిల్ల చెప్పిందే సబబు.


ఇర్వింగ్_నాన్న:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

మీరు రాసినవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను, తనకు తెలుగు చదవడం పూర్తిగా రాదు. టచప్ బాక్స్ గారి అద్దం సంగతి రెండుసార్లు చదివించుకుంది. అన్నా మే వాంగ్ కథ విన్నాక, 'ఒక వేషం పోతే పక్కది కూడా పోయిందా' అని అడిగి చాలాసేపు మాట్లాడలేదు.

ముందు నేను ఆమెకు సారీ చెప్పాను. 'నటన అంటే అదే కదా' అన్న మాట ఆలోచించకుండా అన్నానని చెప్పాను. తను కూడా సారీ చెప్పబోయింది, నన్ను అనుకరించినందుకు. వద్దన్నాను. నా ఇంగ్లీషు తెనాలి ఇంగ్లీషే, దానితోనే ఇక్కడ ఇల్లు కొన్నాను, నిన్ను చదివిస్తున్నాను, నువ్వు దాన్ని దాచాల్సిన పనీ లేదు, నవ్వులకు ఇవ్వాల్సిన పనీ లేదు అన్నాను. అంత వరకు గొంతు బాగానే ఉంది, తర్వాత పూడుకుపోయింది.

సోమవారం టీచర్‌ని కలిసి ఆ ప్రశ్న అడిగింది. స్క్రిప్టులో ఆ డాక్టర్ గురించి పేరు తప్ప ఏమీ లేదట. టీచర్ కాసేపు ఆలోచించి, 'నేను దాని గురించి అనుకోలేదు. గురువారం రిహార్సల్‌లో నీకు నచ్చినట్టు చదువు, అప్పుడు చూద్దాం' అన్నారట. ఒప్పుకున్నట్టో కాదో ఇంకా తెలియదు. కొంచెం టెన్షన్‌గానే ఉంది ఇంట్లో.

నిన్న రాత్రి అన్నం తిన్నాక వంటింటి టేబుల్ దగ్గర ప్రాక్టీసు పెట్టింది. తను డాక్టర్, నేను పేషెంట్. నా డైలాగులు నాలాగే చదివాను, 'వాటర్'ని 'వాటరు' అన్నాను. తను తనలా చదివింది. మూడో పేజీలో డాక్టర్ ఒక చెడ్డ వార్త చెప్పాలి. అది చెప్పేటప్పుడు కాగితం పక్కన పెట్టేసి నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. గిన్నెలు తోముతున్న మా ఆవిడ కుళాయి కట్టేసి ఇటు తిరిగి నిలబడింది.

సెల్ఫ్‌టేప్ తల్లీ, 'సెర్చింగ్' ఈ శనివారం చూస్తున్నాం. గురువారం ఏమైందో వచ్చి రాస్తాను.